ఎడమ కన్ను కొలత

జూన్ పదకొండు, గురువారం, మధ్యాహ్నం

మనవరాలికి, మీ నానమ్మ నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం వేళకు తింటున్నాం, వేళకు లేస్తున్నాం, ఒకరి మీద ఒకరం విసుక్కునే ఓపిక ఇంకా మిగిలే ఉంది. అక్కడ నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. కవరు మీద ఎర్ర సిరాతో ‘డ్యూటీ దిగాకే చింపాలి’ అని రాశాను. ఇప్పుడు నేల మీదే ఉన్నావు కదా? క్రేన్ మీద కూర్చుని చదువుతుంటే మాత్రం ఇక్కడితో ఆపి, మడిచి జేబులో పెట్టుకో.

ఎప్పుడూ ఆదివారం రాసేదాన్ని గురువారం కూర్చున్నాను. మీ అమ్మ కాసేపట్లో పోస్టాఫీసు వైపు వెళ్తుంది. మీ నాన్న షెడ్డులో ఉన్నాడు, ఇంట్లోకి వచ్చే తీరికలో లేడు. వాడు చూడకుండా రాయడానికి నాకు దొరికిన సందు ఇదొక్కటే. ఆ సంగతి దాని వరసలో వస్తుంది. ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను. అడిగినవి వదిలేసి సొంత గోడు రాసుకుంటూ పోయే ఉత్తరాలంటే నాకు పడదు.

అంతకన్నా ముందు ఒక దిద్దుబాటు. ‘కొలత’కు దీర్ఘం పెట్టి ‘కోలత’ అని రాశావు, అదీ రెండు చోట్ల. ఒకచోటైతే చెయ్యి జారిందనుకునేదాన్ని.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. ఉంది. నడుస్తోంది. ఇంతకన్నా రాస్తే దానికి గర్వం వస్తుంది.

నీ విత్తనాల గొర్రు అమ్మేశారా అని అడిగావు. అమ్మలేదు. పాత చిన్న ట్రాక్టర్ ఇచ్చి ఈ పెద్దది తీసుకున్న రోజున, అమ్మినాయన షెడ్డులోకి తొంగిచూసి, “దీనికీ వాటికీ జోడు కుదరదండీ, ఆ పాత సామాను కూడా నాకే ఇచ్చేయండి, ఇనుము కింద పట్టుకెళ్తాను” అన్నాడు. మీ నాన్న తల ఊపబోయాడు. మీ అమ్మ వెళ్లి నీ గొర్రు విత్తనాల పెట్టె మీద కూర్చుంది. “ఇది మా అమ్మాయిది. అది వచ్చి చెప్పాలి” అంది. ఆయన చాలాసేపు నచ్చజెప్పాడు. మీ అమ్మ లేవలేదు. నువ్వు పాత తలుపు రేకు కోసి మూత వేశావు చూడు, ఆ మూత మధ్యలో ఇప్పుడు కాస్త సొట్ట పడింది. మీ అమ్మతో అనకు.

ఇక నీ అసలు ప్రశ్న, పాత పనిముట్లు కొత్త ట్రాక్టర్‌కు తగులుతున్నాయా అని. ఇది రాయడానికి నాకు ఎంత హుషారుగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్లూ ఆ షెడ్డు పక్కనుంచి నడిచాను కానీ ట్రాక్టర్ వెనక భాగాన్ని ఒక్కనాడూ తేరిపార చూడలేదు. నీకు తెలిసిందే అయినా నన్ను చెప్పనివ్వు. కింద రెండు చేతులు, పైన ఒక చెయ్యి. పనిముట్టుకు కూడా కింద రెండు పిన్నులు, పైన ఒకటి. మొత్తం మూడు చోట్ల పట్టు. మూడే ఎందుకు, నాలుగు ఎందుకు కాకూడదు అని ఆలోచిస్తూ ఒక పూటంతా అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. కూర్చున్న స్టూలే జవాబు చెప్పింది. నాలుగు కాళ్లది, గతుకు నేల మీద ఊగుతోంది. మూడు కాళ్లదైతే ఎక్కడ పెట్టినా కుదురుగా నిలబడుతుంది. రేఖాగణితంలో మూడు బిందువుల పాఠం ఎన్ని తరగతులకు చెప్పానో, అది మన షెడ్డులో గ్రీజు పూసుకుని నిలబడి ఉందని నాకు తెలియలేదు! మరి మీ ఓడరేవులో కంటైనర్ పెట్టెను నాలుగు మూలలా పట్టి లేపుతారని రాశావే, అది ఊగదా? నాలుగో మూల సరిగ్గా కూర్చోకపోతే క్రేన్‌లో ఉన్న నీకు ఎలా తెలుస్తుంది? వివరంగా రాయి.

ఆ చేతుల చివర ఉక్కు గుండు, గుండు మధ్యలో బెజ్జం ఉంటాయి కదా. ఆ బెజ్జాన్ని మన షెడ్డులో ‘కన్ను’ అంటారు. మీ తాతయ్య కాలం నుంచీ అదే మాట. పిన్ను కన్నులో దూరాలి, పైన కొక్కెం పడాలి, అంతే పని. కొత్త ట్రాక్టర్ కళ్లు పెద్దవి, మన పాత పనిముట్ల పిన్నులు సన్నవి. పెద్దవాళ్ల చెప్పుల్లో చిన్నపిల్ల కాళ్లు పెట్టినట్టు లొడలొడలాడాయి.

మీ నాన్న ఏం చేశాడో తెలుసా? నూనె డబ్బా రేకు కోసి, పిన్ను చుట్టూ చుట్టి, “సరిపోతుందిలే అమ్మా” అన్నాడు. గొర్రునే గడ్డపారతో ట్రాక్టర్ దగ్గరికి జరిపి తగిలించి వెనక పెరట్లో ఒక చుట్టు తిప్పాడు. గొర్రు అటూ ఇటూ ఊగుతూ గీసిన గీతలు చూస్తే, మొదటి తరగతి వాడికి పలక ఇచ్చినట్టుంది. తిరిగొచ్చేసరికి రేకు నలిగి కింద రాలిపోయింది.

“ఏం కొలిచావురా?” అన్నాను.

“కొలవడానికేముంది, కంటితో చూస్తే తెలియదూ?” అన్నాడు.

కంటితో చూస్తే తెలిసేదైతే స్కేలు కనిపెట్టేవారు కాదని చెప్పి, బొంగరాన్ని పిలిపించాను. బొంగరం నీకు గుర్తున్నాడుగా, పెద్ద రోడ్డు మలుపులో లేత్ మిషన్ పెట్టుకున్నవాడు. రోజంతా ఏదో ఒకటి గిర్రున తిప్పుతూనే ఉంటాడు కనక ఆ పేరు స్థిరపడింది. నా దగ్గర వృత్తాల పాఠంలో పరీక్ష తప్పినవాడు, ఇప్పుడు వృత్తాలు చేసుకునే బతుకుతున్నాడు. వాడి కొలత పరికరం అరువు తీసుకుని అన్నీ నేనే కొలిచాను. పనిముట్టు కింది పిన్ను ఇరవై రెండు మిల్లీమీటర్లు, ట్రాక్టర్ చేతి కన్ను ఇరవై ఎనిమిది. పై పిన్ను పంతొమ్మిది, పై కన్ను ఇరవై అయిదు. తేడా రెండు చోట్లా ఆరే! అంటే పిన్నుకు తొడిగే ఉక్కు గొట్టం ముక్క, అదే బుష్షు, దాని గోడ మందం పైన కూడా మూడే, కింద కూడా మూడే. నాకు ఎంత ముచ్చటేసిందంటే, ఆ లెక్క గోడ మీద సుద్దతో రాసి కింద గీత కూడా గీశాను.

ఆ ముచ్చటలోనే పప్పులో కాలేశాను. బొంగరం వెళ్తూ వెళ్తూ అడిగాడు.

“మూడు బుష్షులూ ఒకటేనా టీచరమ్మా?”

“మూడింటికీ మందం మూడు మిల్లీమీటర్లు.”

“పిన్ను పెద్దదా, చిన్నదా?”

“అన్నీ చిన్న పిన్నులే నాయనా.”

మన ఇంట్లో ‘చిన్న పిన్ను’ అంటే చిన్న ట్రాక్టర్ కాలం నాటి పిన్ను. వాడి కొట్లో ‘చిన్న పిన్ను’ అంటే ఏ ట్రాక్టర్‌కైనా సరే, పైన ఉండేది. మూడు బుష్షులు నున్నగా, అద్దంలా మెరిసేలా చేసి తెచ్చాడు. మూడూ పై పిన్ను కొలతే. కింది పిన్నులు వాటిలో దూరనే లేదు.

“చిన్న పిన్నంటే పైదేగా టీచరమ్మా, లోకంలో ఎవర్నైనా అడగండి.”

“మా ఇంట్లో చిన్న పిన్నంటే చిన్న ట్రాక్టర్‌ది.”

“మీ ఇల్లు లోకంలో లేదా?”

మీ అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. వాణ్ని బెంచీ ఎక్కించలేని వయసు వచ్చింది నాకు. ఇంకో రెండు చేసి తెచ్చాడు, ఈసారి అంకెలు వాడి అరచేతిలో నేనే పెన్నుతో రాసి పంపాను.

బుష్షులు కుదిరాక ఇంకో చిక్కు తేలింది. పెద్ద ట్రాక్టర్ చేతులు ఎడంగా చాపి ఉంటాయి, మన గొర్రు ఒళ్లు చిన్నది. పక్కనున్న గొలుసులు బిగించి చేతుల్ని లోపలికి లాగాం, టైరుకు రాసుకోకుండా పైకీ కిందికీ లేపి చూశాం. అదీ కుదిరింది. ఆ తరవాత నేను ఊరికే ఉండలేక టైర్ల వెడల్పూ గొర్రు వెడల్పూ కొలిచాను. టైర్లే వెడల్పు! అంటే ఒక చుట్టులో వేసిన విత్తనాలను, తిరిగొచ్చేటప్పుడు మన చక్రమే తొక్కుతుంది. ఇది చెబితే మీ నాన్న, బొంగరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చక్రాల రిమ్ములు విప్పి తిరగేసి బిగిస్తే టైర్లు లోపలికి జరుగుతాయని బొంగరమే చెప్పాడు. ఇద్దరూ కలిసి తిరగేశారు. నీ గొర్రు ఇప్పుడు టైర్ల కన్నా రెండు వేళ్లు వెడల్పు. నిశ్చింతగా ఉండు.

నీ చివరి ప్రశ్న, నాన్న ఇంత పెద్దది ఎందుకు కొన్నాడు అని. ఉన్న పొలం అంతే కదా, దీన్ని మలుపు తిప్పడానికే సగం పొలం కావాలి కదా అన్నావు. నిజమే. నేనూ వాణ్ని మూడు సార్లు అడిగాను. ఒకసారి బలమెక్కువ అన్నాడు. ఒకసారి పాతది ముసలిదైపోయింది అన్నాడు. ఇంకోసారి, “అమ్మా, నీకు పరీక్ష పేపర్లు దిద్దడం మానేశాక తోచట్లేదు” అన్నాడు. ఒకే ప్రశ్నకు మూడు జవాబులు రాసిన పిల్లవాడికి నేను ఎప్పుడూ మార్కులు వెయ్యలేదు.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు.

బుష్షులు, గొలుసులు, రిమ్ములు అన్నీ సరిపోయాయా, అయినా గొర్రు తగలలేదు. గొర్రు షెడ్డు గచ్చు మీద కదలకుండా ఉంది. మీ నాన్న ట్రాక్టర్ వెనక్కి తెస్తాడు. కుడి చెయ్యి కన్ను పిన్నుకు వెంట్రుకవాసి దూరంలో వచ్చి ఆగుతుంది. ఎడమ చెయ్యి జానెడు దూరంలో ఆగుతుంది. మళ్లీ ముందుకు వెళ్లి వెనక్కి వస్తాడు. మళ్లీ అంతే. కుడివైపు అచ్చు గుద్దినట్టు, ఎడమవైపు జానెడు.

తప్పు ఎప్పుడూ ఒకే పక్కకు వస్తోందంటే దానికి కారణం ఉండి తీరాలి. ఎడమ చెయ్యి పొట్టిదా అని కొలిచాను, రెండూ సమానం. గచ్చు వాలుగా ఉందా అని నీళ్ల సీసా పడుకోబెట్టి చూశాను, లేదు. గొర్రు చట్రం వంకరపోయిందా అని మూల నుంచి మూలకు దారం కట్టి చూశాను, అదీ లేదు. గచ్చు మీద సుద్దతో ఒక గీత గీసి, దాని మీదే రమ్మన్నాను. గీత తన ఎడమకు ఉన్నంతసేపూ తప్పాడు. అప్పుడు ఎడమ చేతి కన్నులో పరికరం పెట్టి కొలిచాను. కొద్దిగా కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంది! వాడిన ట్రాక్టర్ కదా, పాత యజమాని దగ్గర అరిగి ఉంటుంది. దొరికింది దొంగ అనుకున్నాను. ఆ అరుగుదల నూలుపోగంత, తప్పేమో జానెడు అని నా బుర్రకు తట్టనే లేదు. వెతుకుతున్నది దొరికిందనే సంబరంలో లెక్క సరిచూసుకోలేదు, నేను.

ఆ పూటే ఇంకోసారి ప్రయత్నించారు. మీ అమ్మ చేతి తొడుగులు వేసుకుని, గొర్రుకూ ట్రాక్టర్‌కూ మధ్య ఎడమవైపు నిలబడి, ఆ చేతిని పట్టుకుని పిన్ను మీదకు నడిపిస్తోంది. ఇంజను హోరు. మీ అమ్మ రెండో చెయ్యి పైకెత్తి ఆగమంది. మీ నాన్న మెడ తిప్పి కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. ఆగలేదు. ఇంకో జానెడు వచ్చాడు. బొంగరం పరిగెత్తి వెళ్లి బానెట్ మీద చేత్తో దబదబా బాదితే అప్పుడు ఆగాడు.

మీ అమ్మ చెయ్యి తొడుగులోంచి జారి బయటికి వచ్చేసింది. చిన్న గీత కూడా పడలేదు, నేను వేళ్లన్నీ విడివిడిగా చూశాను. తొడుగు మాత్రం ఇనుముకూ ఇనుముకూ మధ్య ఇరుక్కుని, అయిదు వేళ్లూ చాపుకుని, రొట్టెలా అణిగి ఉంది. ట్రాక్టర్ ముందుకు తీశాకే అది కింద పడింది. మీ అమ్మ దాన్ని తీసి దులిపి, “కొత్తవి కొనాలి” అంది. అంతే.

నిన్న రాత్రి భోజనాలకు కూర్చున్నాం. వాతావరణం తేలిక చేద్దామని నేనే అందుకున్నాను.

“ఒరేయ్, ఇక గొర్రునూ మమ్మల్నీ తిట్టుకోవడం మానెయ్. లోపం ఎక్కడుందో నాకు తెలిసిపోయింది. ఎడమ కన్నులో ఉంది.”

వాడు చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

“ఎప్పుడు కనిపెట్టావమ్మా?” అన్నాడు.

నేను ఇనుము గురించి మాట్లాడాను. వాడు దేని గురించి మాట్లాడుతున్నాడో అప్పటికి నాకు తెలియదు. కానీ ఇంతకాలం పిల్లల మధ్య బతికినదాన్ని. పిల్లవాడు అలా అడిగినప్పుడు టీచరు నోరు విప్పకూడదు. ఊరుకున్నాను.

“డాక్టరుకు చూపించలేదు,” అన్నాడు వాడు. “కోతలప్పటి నుంచి. ముందు దుమ్మనుకున్నా. ఎంత కడుక్కున్నా పోలేదు. పొగచూరిన గాజులోంచి చూసినట్టుంటుంది. ఈ మధ్య పక్కనున్నది అసలు తెలియట్లేదు.”

మీ అమ్మ వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది.

“నా చెయ్యి కనపడలేదా మీకు?”

“లేదు.”

“ఎత్తాను కదండీ. ఇంత ఎత్తుకు ఎత్తాను.”

“లేదే. అసలు నువ్వు ఆ పక్క ఉన్నావనే తెలియలేదు.”

మీ అమ్మ లేచి, వాడి కంచం కుడివైపుకు జరిపి, తన పీట తీసుకొచ్చి అటు వేసుకుని కూర్చుంది. “తినండి” అంది.

నీ ప్రశ్నకు జవాబు అప్పుడు వచ్చింది తల్లీ, నేను అడగకుండానే. పెద్ద ట్రాక్టర్ ఎందుకంటే సీటు ఎత్తు. చుట్టూ గాజు, రెండు పక్కలా పెద్ద పెద్ద అద్దాలు. అమ్మినాయన ఎక్కించి కూర్చోబెట్టి, “ఇక్కణ్నుంచి మీ పొలం చివరిదాకా కనిపిస్తుంది చూడండి” అన్నాడట. “ఎత్తునుంచి చూస్తే అన్నీ కనపడతాయనుకున్నానమ్మా” అన్నాడు మీ నాన్న. పొలం చివర కనపడుతూనే ఉంది. పక్కన మనిషి కనపడట్లేదు.

నువ్వు అడిగేదేమిటో తెలుసు, నాన్న నాకెందుకు చెప్పలేదు అని. వాడి మాటలు వాడివిగానే రాస్తున్నాను. “దానికి తెలియకూడదు. అంత ఎత్తున క్రేన్ మీద కూర్చుంటుంది, తల్లో ఇంకో ఆలోచన ఉండకూడదు. పైగా ఉద్యోగం పర్మినెంట్ చేసే పరీక్ష దగ్గర పడింది. తెలిస్తే మూటా ముల్లె సర్దుకుని వచ్చేస్తుంది, నాకు తెలియదా దాని సంగతి? ఫోన్‌లో దానికి చెప్పనని మాటివ్వమ్మా.”

ఇచ్చాను. ఫోన్‌లో చెప్పనని ఇచ్చాను. ఉత్తరం మాట వాడూ ఎత్తలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. ఇది కుటిలమని నువ్వు అంటే ఒప్పుకుంటాను. వాడు అన్నదాంట్లో సగం నిజముంది, అందుకే కవరు మీద ఆ ఎర్ర సిరా. మిగతా సగం తప్పు. ఎత్తున కూర్చుని బరువులు దించే పిల్లకు నిజం చెబితే తట్టుకుంటుంది. ఎవరో దాస్తున్నారనే అనుమానం ఉంటేనే చెయ్యి వణుకుతుంది. నీ పోయిన ఉత్తరంలో, “నాన్న ఫోన్‌లో ఎందుకో పొడిపొడిగా మాట్లాడుతున్నాడు” అని రాశావు. ఆ వాక్యం రాత్రి మళ్లీ తీసి చదివాకే నేను ఇది రాయాలని తేల్చుకున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది నా తప్పు. నిన్ను ఒక చిన్న అబద్ధానికి గోడకుర్చీ వేయించినదాన్ని కనక నీకే చెప్పుకోవాలి.

అంత జరిగాక కూడా మీ నాన్న ఆగేలా లేడు. నేల పదును మీద ఉంది, విత్తనం ఇప్పుడు పడకపోతే ఈ కారు పంట పోయినట్టే. “రేపు పొద్దున్నే తగిలించి మొదలుపెడతాను, ఒక కన్ను ఉందిగా” అన్నాడు. మీ అమ్మ కాదనదు. పొద్దున్నే మళ్లీ వెళ్లి ఆ మధ్యలో నిలబడుతుంది, ఈసారి కుడి పక్క నిలబడతానంటుంది. అందుకని వాడు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, మేకుకు వేలాడుతున్న ట్రాక్టర్ తాళం చెవి తీసి నా కళ్లజోడు పెట్టెలో వేసుకున్నాను.

ఇవాళ పొద్దుటి నుంచి వెతుకుతున్నాడు. సీటు కింద, పనిముట్ల పెట్టెలో, పాత చొక్కాల జేబుల్లో. “అమ్మా, నువ్వు చూశావా?” అని అడిగాడు. చూడలేదన్నాను. కన్నకొడుకు మొహం మీదే, అదీ వాడి కుడి పక్క నిలబడి, అబద్ధమాడాను. నా గొంతు కొంచెం కూడా మారలేదు. ఆ సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఇందాక మీ అమ్మ నా గది ఊడ్చడానికి వచ్చింది. కళ్లజోడు పెట్టె తుడవబోయి ఎత్తింది, గలగలమంది. మూత తీసి చూసింది. నన్ను చూసింది. మూత పెట్టేసి, పెట్టెను ఉన్నచోటే ఉంచి, “అత్తయ్యా, ఉత్తరం రాయడం అయ్యాక పిలవండి, పోస్టాఫీసుకు నేనే వెళ్తాను” అంది. నేను ఉత్తరం రాస్తున్నానని అప్పటికి ఆమెకు చెప్పనే లేదు. తరవాత గుమ్మం దగ్గర ఆగి, “ట్రాక్టర్ నడపడం కష్టమా అత్తయ్యా?” అని అడిగింది. “నాకు తెలియదమ్మాయ్, నేనెప్పుడూ నడపలేదు” అన్నాను. “బొంగరాన్ని అడుగుతాను” అని వెళ్లిపోయింది.

నాకిప్పుడు ఒకటే కుతూహలం. ఆ కంట్లో ఏముంది? పొర అయితే తీసేస్తారట, చూపు వచ్చేస్తుందట. వేరేదైతే ఆలస్యం చేసినకొద్దీ పోయింది తిరిగి రాదట, మిగిలింది కాపాడుకోవడమేనట. ఊహతో తేలేది కాదు, ఎవరో ఒకరు కొలవాలి. నేను చెబితే వాడు వినడు, నేను వాడికి అమ్మనే కాదు, లెక్కల టీచర్ని కూడా, చెప్పీ చెప్పీ నా గొంతు వాడి చెవికి అలవాటైపోయింది. నువ్వు చెబితే వింటాడు.

సంతకం ఇక్కడే పెట్టేస్తున్నాను. దీనికి పైన ఉన్నవి కబుర్లు. కింద ఉన్నవి పనులు.

ఇట్లు,
నీ మీద కోపమూ నమ్మకమూ సమానంగా ఉన్న
నీ నానమ్మ

జరగవలసినవి:

1. నువ్వు పరీక్ష పూర్తిచేసే రావాలి. మానుకుని వస్తే గడప దాటనివ్వను. ఉద్యోగం వదలడమనే మాట ఎత్తవద్దు. సెలవు మాత్రం పెట్టు.

2. కంటి ఆసుపత్రిలో నీ పరీక్ష అయిన మర్నాటికి పేరు రాయించాను. రాయించింది నా పేరు. ముసలి తల్లిని ఒంటరిగా పంపే కొడుకు కాదు వాడు, వెంట వస్తాడు. బస్సులో వెళ్తాం. లోపలికి పిలిచాక ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో నువ్వు చూసుకో.

3. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. మీ అమ్మకూ బొంగరానికీ తప్ప ఎవరికీ ఇవ్వను. ట్రాక్టర్ కదలగానే చెవి ఎక్కడిదని వాడు అడుగుతాడు, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక చెబుతానంటాను. వాడితో ఆడిన అబద్ధం అప్పుడు నేనే వాడికి చెప్పుకుంటాను. నువ్వు మధ్యలోకి రావద్దు.

4. బొంగరం ఫోన్‌లో ఒప్పుకున్నాడు, ఇవాళ సాయంత్రం నుంచి మీ అమ్మకు ఖాళీ మైదానంలో నేర్పుతాడు. వచ్చాక ఆమె నడిపింది చూసి నవ్వకూడదు. విత్తనం మీ అమ్మ వేస్తుంది. సాళ్లు వంకరగా వస్తే వంకరగానే మొలుస్తాయి.

5. ఎడమ చేతి ఉక్కు గుండు మార్చాలి. అరిగిన మాట నిజమే కనక.

6. ఇంజను ఆపి, మనిషి దిగాకే గొర్రు తగిలించాలి. ఇంజను తిరుగుతుండగా ట్రాక్టర్‌కూ పనిముట్టుకూ మధ్య ఎవరూ నిలబడకూడదు. గోడ మీద నా లెక్క చెరిపేసి ఈ మాట పెద్ద అక్షరాలతో రాశాను.

7. నువ్వు వచ్చేసరికి మీ నాన్న అరుగు మీద, రోడ్డు వైపు తిరిగి కూర్చుని ఉంటాడు. బస్టాండు వైపు నుంచి రావద్దు, అది వాడి ఎడమ పక్క. కాస్త చుట్టు తిరిగినా సరే, లేత్ కొట్టు మలుపు నుంచి రా. నువ్వు వస్తున్నావని వాడు దూరం నుంచే చూడాలి.